కరివేపాకు కుండీ: చలికాలం గరాజ్‌లోనా, ఇంట్లోనా?

నవంబర్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, కరివేపాకు గరాజ్‌లో పెడితే చాలా, ఇంట్లోకి తేవాలా?" 2021కి ముందు అడిగుంటే ఆలోచించకుండా గరాజ్ అనేవాణ్ణి.

మామూలు ఏడాదైతే ఇప్పుడూ అదే చెబుతాను. ఇక్కడ చలి ఒకటి రెండు రాత్రులు గట్టిగా పట్టి వదిలేస్తుంది. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్ ఆ మాత్రం కాస్తుంది. చల్లదనానికి మొక్క నిద్రలోకి వెళ్ళి ఆకు రాలుస్తుంది, నీళ్ళు కూడా పెద్దగా అడగదు. అదే ఇంట్లో పెడితే హీటర్ గాలికి ఆకు ఎండిపోతుంది, ఎర్రనల్లి పడుతుంది, కార్పెట్ మీద మట్టి, ఆ మట్టికి మనం పడే మాటలు.

కానీ నా లెక్కలో తేల్చాల్సింది ఇవేవీ కావు. కరెంటు పోతే ఏమిటన్నదే అసలు ప్రశ్న.

2021 ఫిబ్రవరి 14న మంచు తుఫాను వచ్చి మంచు పడుతుంటే పిల్లలు గంతులేశారు. 16న డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. టెక్సస్ అంతటా 45 లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపారాలకు కరెంటు పోయింది, మాకు రెండు రోజులు. అప్పుడు నా దగ్గర రెండు కుండీలు. పెద్దది మోయలేక గరాజ్‌లోనే వదిలేశాను, చిన్నది ఇంట్లో మెట్ల కింద. రెండో రోజు పొద్దున టార్చ్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్తే కుండీ పక్కనున్న నీళ్ళ సీసా రాయైపోయింది. మట్టిలోకి వేలు దిగలేదు. ఇంట్లో థర్మామీటర్ 44 ఫారన్‌హీట్ చూపిస్తోంది. మేం రెండేసి స్వెట్టర్లలో వణుకుతున్నాం గానీ చిన్న మొక్క వేళ్ళకు ఆ చలితో ప్రాణాపాయం లేదు.

నేలలో ఉన్న చెట్టు వేళ్ళకు భూమి కాపలా. కుండీకి అన్ని వైపులా చలే. ఆకు పోతే చిగురు వస్తుంది, వేరు గడ్డకడితే నమ్మకం లేదు. చిన్న మొక్క మార్చికల్లా ఒట్టి పుల్లలా మిగిలింది. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంది, ఏప్రిల్‌లో చిగురేసింది. పెద్దదాన్ని మొదలు దాకా గీరుకుంటూ వెళ్ళినా అంతా గోధుమరంగే. పారేద్దామనుకుంటుండగా మే నెలాఖరున కుండీ అంచు దగ్గర ఒక పిలక తొంగిచూసింది. అది పాత ఎత్తుకు రావడానికి మూడేళ్ళు పట్టింది.

పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అంటారు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఈ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి, అనుకున్న వెంటనే దొరకవు. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టడం ఇక్కడ కుదరదు.

బయటే ఉంచి దుప్పటి కప్పడం ఒక్క రాత్రి చలికైతే సరే. ప్లాస్టిక్ కప్పితే ఆకులకు తగలనివ్వకండి. ఎల్ఈడీ సీరియల్ లైట్లు చుట్టడం అందానికే, వాటిలో వేడి పెద్దగా ఉండదు. మల్లె గరాజ్‌లో నెట్టుకొస్తుంది. తులసికి ఇంత హైరానా అక్కర్లేదు, గింజలు దాచుకుంటే చాలు.

గరాజే దిక్కనుకునేవాళ్ళు ఆకులకు కాదు, కుండీకి కప్పండి. కింద థర్మాకోల్ షీటు వేసి, చుట్టూ పాత బొంత చుట్టండి. ఇంకో మాట, గరాజ్ వెచ్చబడాలని కారు స్టార్ట్ చేసి ఉంచకండి. ఆ మంచు తుఫానులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు మనుషులే పోయారు.

నేనైతే చక్రాల స్టాండు కొన్నాను. ఇప్పుడు నవంబర్ మూడో వారానికల్లా రెండు కుండీలూ మెట్ల కిందికి వచ్చేస్తాయి. అక్కడుండే చెప్పుల స్టాండు మార్చి దాకా గరాజ్‌లో ఉంటుంది.