ఒక్కొక్కరితో ఇంటర్వ్యూనా, గుంపుతో చర్చా?

కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతుల అప్పుల మీద థీసిస్ రాయాలనుకునే వాళ్లకు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: చర్చకైతే ఒకే ట్రిప్పులో ఆరు నుంచి పదిమంది దొరుకుతారు. ఇంటర్వ్యూలకైతే ఇల్లిల్లూ తిరగాల్సిందే.

శ్రమ: చర్చ నడిపేటప్పుడు హాయిగానే ఉంటుంది, టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కరి గొంతే ఉన్నా, గంట రికార్డింగ్‌ని రాతలో పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే చెప్పక్కర్లేదు. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడారో రాసుకోవడానికి పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. రచ్చకట్ట మీద "అప్పులు ఎవురికి లేవు సార్" అని నవ్వేసిన మనిషే, ఇంట్లో కూర్చుంటే భార్య పుస్తెలు తాకట్టులో ఉన్న సంగతి చెప్పొచ్చు. భూమి యజమాని ఎదురుగా కౌలు రైతు నోరు విప్పడు. పైగా గుంపులో విన్నది ఊళ్లో పొక్కదని మీరు హామీ ఇవ్వలేరు.

విశ్లేషణ: పరిశోధకులు బ్రౌన్, క్లార్క్ 2006లో వివరించిన థీమాటిక్ ఎనాలిసిస్ (జనం మాటల్లో మళ్లీమళ్లీ కనిపించే అంశాలను ఏరి, గుదిగుచ్చే పద్ధతి) రెండింటికీ పనికొస్తుంది. కాకపోతే చర్చలో ఎనిమిది మంది తలూపితే అవి ఎనిమిది అభిప్రాయాలు కావు. ఎవరి మాటకు ఎవరు తగ్గారన్నది కూడా డేటానే.

బోర్లు, పంట బీమా లాంటి ఊరుమ్మడి విషయాలకు చర్చ మేలు. అప్పు, తాకట్టు, ఇంటి గొడవలకు ఇంటర్వ్యూనే. టైమ్ ఉంటే ముందు చర్చ పెట్టి, అందులో మౌనంగా కూర్చున్న వాళ్ల ఇళ్లకు తర్వాత వెళ్లండి.