వోగెల్ లోయా, బ్లాక్ రాక్ శిఖరమా?

ఉత్తర జార్జియా కొండల్లో గుడారం వేసుకోవాలనుకునే అట్లాంటా తెలుగువాళ్లు ఈ రెండు స్టేట్ పార్కుల మధ్యే ఎక్కువగా తేల్చుకోలేకపోతారు. పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ వెంట ఉంటే నా ఓటు నిస్సందేహంగా వోగెల్‌కే.

వోగెల్ బ్లడ్ మౌంటెన్ కింద, లోయలో ఉంది. 22 ఎకరాల ట్రాలైటా సరస్సు చుట్టూ చదునైన దారి. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా నెమ్మదిగా నడిచేయవచ్చు. ఆనకట్ట దాటి కాస్త కిందికి దిగితే, సరస్సు నీరే జలపాతమై రాళ్ల మీదుగా జారుతూ కనిపిస్తుంది. అలాగని ఇది తేలిక నడకల చోటు మాత్రమే కాదు. బేర్ హెయిర్ గ్యాప్ దారి నాలుగు మైళ్లు, కూసా దారి దాదాపు పదమూడు. కూసాను ఒక్కరోజులో ముగించాలంటే గట్టి కాళ్లు కావాలి, రాత్రి అడవిలోనే ఆగడం మేలు.

బ్లాక్ రాక్ మౌంటెన్ 3,640 అడుగుల ఎత్తున ఉంది. జార్జియా స్టేట్ పార్కుల్లో ఇంతకన్నా ఎత్తైనది లేదు. శిబిర స్థలం కొండపైనే కనుక జూలైలోనూ రాత్రిళ్లు హాయిగా ఉంటుంది. అక్టోబరులో మాత్రం మందపాటి దుప్పటి తప్పనిసరి. 2.2 మైళ్ల టెన్నెసీ రాక్ దారి తూర్పు ఖండ విభాజక రేఖ మీదుగా సాగుతుంది: ఒక వైపు కురిసిన వాన అట్లాంటిక్‌కు, మరో వైపుది మిసిసిపీలో కలిసి మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. ఎంత అద్భుతం! దృశ్యాల కోసమే వెళ్లేవారు ఇక్కడికే వెళ్లాలి, అయితే మంచు కమ్మితే లోయ కనిపించదు.

రెండుచోట్లా నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. పులిహోర డబ్బాతో సహా తిండి ఏదీ గుడారంలో ఉంచకూడదు. ఆకులు రంగు మారే వారాంతాలకు చాలా ముందే స్థలం బుక్ చేసుకోండి.