ఫెడరల్ రిజిస్టర్ సైట్: గ్రూపు మెసేజ్‌ల కన్నా ఇదే నయం

హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఏదో కొత్త రూల్ వచ్చిందని గ్రూపులో మెసేజ్ పడగానే మా ఇంట్లో టెన్షన్ మొదలు, ఆ వెంటనే ఊరి నుంచి అత్తయ్య ఫోన్. ఇప్పుడు నేను ముందు ఫెడరల్ రిజిస్టర్ సైటే తెరుస్తున్నాను. అమెరికా ప్రభుత్వం 1936 నుంచి పనిదినాల్లో రోజూ వేసే గెజిట్ ఇది, ఆన్‌లైన్‌లో చదవడానికి పైసా ఖర్చు లేదు.

మొదట చూడాల్సింది పైన ఉండే ఒక్క మాట. ‘ప్రపోజ్డ్ రూల్’ అని ఉంటే అది ఇంకా ప్రతిపాదనే, గడువులోగా మనం కూడా అభిప్రాయం రాయొచ్చు. ‘రూల్’ అని ఉంటేనే అమలయ్యేది. తర్వాత చూడాల్సింది ‘డేట్స్’, ఎప్పటి నుంచి అమలో అక్కడ ఉంటుంది. 2024 డిసెంబర్ 18న వచ్చిన హెచ్-1బి రూల్ అమల్లోకి వచ్చింది 2025 జనవరి 17న, మధ్యలో నెల రోజులు ఉన్నా మా గ్రూపులో మాత్రం మర్నాటి నుంచే అన్నట్టు ఒకటే గోల.

‘సమ్మరీ’ పేరా వరకు మామూలు ఇంగ్లిషే. కిందికి పోతే లాయర్ల భాష, పేజీలకు పేజీలు, కళ్లు తిరుగుతాయి (నేనైతే టీ పెట్టుకుని కూర్చుంటా). కావాల్సిన శాఖ నోటీసులు ఈమెయిల్‌కి తెప్పించుకోవచ్చు, అది బాగుంది. నాలుగు స్టార్లు.