సెకండ్ లైఫ్‌లో భూమి: నెలనెలా కట్టేది ఎవరో చూసుకోండి

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచంలో భూమి గురించి ఎవరు అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: చదరపు మీటరు ఎన్ని లిండెన్ డాలర్లు (అక్కడి కరెన్సీ)? చాలాకాలంగా అక్కడ స్థలం ఉంచుకుంటున్న నాకు ఆ అంకె మీద ఆసక్తి ఎప్పుడో పోయింది. ఆ స్థలానికి నెలనెలా ఆ ప్రపంచాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ కంపెనీకి డబ్బు కట్టేది ఎవరు, వాళ్లు కట్టడం మానేస్తే నాకేం మిగులుతుంది అన్నదే నేనిప్పుడు చూస్తాను. ఇది ఒక ద్వీపం నేర్పింది.

ఆ ద్వీపాన్ని ఒకప్పుడు నేను చాలా పొగిడాను. ఒక ఎస్టేట్ యజమాని, అంటే కంపెనీ దగ్గర భూమి తీసుకుని ముక్కలుగా అద్దెకిచ్చే వ్యక్తి, నడిపే ప్రైవేటు రీజియన్ (భూభాగం) అది. స్థలాలకు హద్దులు చక్కగా గీసి ఉండేవి. పక్కవాళ్లు ఆకాశంలో పెట్టెలాంటి ఇళ్లు వేలాడదీయకూడదని, తిరిగే ప్రకటన బోర్డులు పెట్టకూడదని కోవెనెంట్‌లో (అక్కడి నిబంధనల్లో) రాసి ఉండేది, అందరూ పాటించేవాళ్లు. యజమాని అడిగినదానికి వెంటనే జవాబిచ్చేవారు. నేలను కొద్దికొద్దిగా ఎత్తి ఒక వాలు చేశాను, కింద చెరువు తవ్వాను, చుట్టూ చెట్లు ఒక్కొక్కటే చేత్తో సర్దాను. సాయంత్రాలు కొందరు ఊరికే వచ్చి గట్టున కూర్చునేవాళ్లు. కంపెనీ సొంత ఖండాలైన మెయిన్‌ల్యాండ్‌లో ఇలాంటిది దొరకదని పరిచయస్తులకు చెప్పేవాణ్ణి. చూడ్డానికి అందంగా ఉండే మాటకొస్తే అది ఇప్పటికీ నిజమే.

కొన్ని నెలల అద్దె ముందే కడితే తగ్గింపు అని యజమాని ప్రకటించారు. చాలామందిమి కట్టాం. ఆ తర్వాత ఒకరోజు లాగిన్ అయితే నా ఇంటికి బదులు ఎక్కడో కొత్తవాళ్లు దిగే చోట నిలబడి ఉన్నాను. మ్యాప్ తెరిచి చూస్తే మా ద్వీపం ఉండాల్సిన గడిలో ఏమీ లేదు. ఉత్త నీళ్లు. యజమానికి పంపిన సందేశాలకు జవాబు లేదు. పక్క స్థలం ఆవిడ కూడా నాలాగే వెతుకుతూ కనిపించారు. కాసేపటికి అద్దెదారులందరం ఒకచోట చేరాం, ఎవరి దగ్గరా ఏ సమాచారమూ లేదు.

జరిగింది తర్వాత అర్థమైంది, చాలా మామూలు లెక్క అది. ఎస్టేట్ యజమాని మా దగ్గర అద్దె లిండెన్ డాలర్లలో తీసుకుంటారు. వాటిని కంపెనీ నడిపే మారకపు మార్కెట్ లిండెక్స్‌లో అమ్మి అమెరికన్ డాలర్లు చేసుకుని, రీజియన్‌కు నెలవారీ రుసుము కంపెనీకి కడతారు. పూర్తి రీజియన్‌కు ఆ రుసుము ఏళ్ల తరబడి నెలకు 295 డాలర్లు ఉండేది. స్థలాలన్నీ నిండితే కాస్త మిగులుతుంది. సగం ఖాళీ అయితే యజమాని జేబులోంచి పోతుంది. ముందస్తు అద్దె మీద తగ్గింపు ఇస్తున్నారంటే చేతిలో డబ్బు ఆడటం లేదని అర్థం కావచ్చు. రుసుము ఆగిపోతే రీజియన్ ఆఫ్‌లైన్‌కు వెళ్లిపోతుంది. ఆ స్థలం విషయంలో అద్దెదారుకు కంపెనీతో ఏ ఒప్పందమూ ఉండదు, వెళ్లి అడగడానికి దారి లేదు.

డబ్బుగా చూస్తే పోయింది పెద్ద మొత్తం కాదు. నన్ను బాధపెట్టింది వేరు. స్థలం వివరాలు చూపే అబౌట్ ల్యాండ్ విండోలో యజమాని అన్నచోట నా పేరే ఉండేది. ఎస్టేట్‌లో స్థలం 'కొన్నా' ఆ పేరు అక్కడ ఉండేది ఎస్టేట్ యజమాని ఉంచినంతకాలమే. చెట్లలో చాలావాటికి కాపీ హక్కు ఉంది కాబట్టి నా ఇన్వెంటరీలో (సామాన్ల జాబితాలో) మిగిలాయి. నేల వాలు మాత్రం పూర్తిగా పోయింది. రీజియన్ నేల ఆకారాన్ని ఫైలుగా దించుకునే వీలు ఎస్టేట్ యజమానికే ఉంటుంది, అద్దెదారుకు ఉండదు. ఆ వాలు, ఆ చెరువు గట్టు వంపు మళ్లీ అచ్చం అలాగే రాలేదు. దాని గురించి నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత మెయిన్‌ల్యాండ్‌కు మారాను. అక్కడ మధ్యవర్తి ఉండడు. ప్రీమియం ఖాతా (డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం) తీసుకుని, పట్టుకున్న విస్తీర్ణాన్ని బట్టి టియర్, అంటే నెలవారీ భూమి రుసుము, నేరుగా కంపెనీకే కట్టాలి. ఎవరో వదిలేసిన స్థలం ఖాళీగా పడి ఉంటే, సపోర్ట్‌కు టికెట్ పెట్టి చదరపు మీటరు 1 లిండెన్ డాలరుకు అడగవచ్చు. ఇక్కడే ఆ ధర అనే అంకె ఎంత తేలికైనదో తెలుస్తుంది. 4096 చదరపు మీటర్ల స్థలానికి 4096 లిండెన్ డాలర్లు, అమెరికన్ డాలరుకు దాదాపు 250 చొప్పున వేసుకుంటే 16 డాలర్ల పైచిలుకు. అదే విస్తీర్ణానికి పాత టియర్ పట్టికలో నెలకు 25 డాలర్లు ఉండేది. కొనే ఖర్చు ఒక నెల టియర్ కంటే తక్కువన్నమాట! 2018లో మెయిన్‌ల్యాండ్ టియర్‌ను పదిశాతానికి పైగా తగ్గించారు, ప్రీమియం ఖాతాతో అదనపు టియర్ లేకుండా వచ్చే విస్తీర్ణాన్ని 512 నుంచి 1024కు పెంచారు. అయినా ఈ పోలిక పెద్దగా మారలేదు. నెలనెలా మోయాల్సిన బరువు ఎక్కువైన ఆస్తికి అమ్మకం ధర ఉండదు, వదిలించుకుంటే చాలనుకుంటారు. అందుకే అన్ని ఖాళీ మైదానాలు.

ఒకప్పుడు ఇలా లేదు. కొత్త ప్రీమియం సభ్యులకు 512 చదరపు మీటర్లు 512 లిండెన్ డాలర్లకే ఇచ్చే ఫస్ట్ ల్యాండ్ పథకాన్ని 2007 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ రోజుల్లో చిన్న ముక్కలు కొని వెంటనే ఎక్కువకు అమ్మడం పెద్ద వ్యాపారం. 2006 నవంబరులో అక్కడి భూమి వ్యాపారి ఆన్షె చుంగ్ తన వర్చువల్ ఆస్తులు పది లక్షల డాలర్లు దాటాయని ప్రకటించింది ఆ వేడిలోనే. అదే నెలలో కొత్త ద్వీపాల ప్రారంభ రుసుము 1250 నుంచి 1675 డాలర్లకు, నెలవారీ రుసుము 195 నుంచి 295కు పెరిగింది. 2008లో ప్రారంభ రుసుమును 1000కి దించారు. ఎక్కువకు కొన్నవాళ్ల స్థలం విలువ అలా తగ్గిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ఓపెన్‌స్పేస్ అనే తేలికపాటి చౌక రీజియన్ల నెలవారీ రుసుమును 75 నుంచి 125కు పెంచుతామన్నప్పుడు గొడవ అంతా ఇంతా కాదు. చివరికి 'హోమ్‌స్టెడ్' అనే కొత్త రకం తెచ్చి, ముందు 95 చేసి, తర్వాత 125కే తీసుకెళ్లారు. ఇన్ని చెప్పడానికి కారణం ఒకటే: ఇక్కడ భూమి ఎంత పుట్టాలో, దాన్ని మోయడానికి ఎంత అవ్వాలో ఒకే చోట నిర్ణయమవుతుంది. కొరత మీద పందెం వేసి భూమి కొనడం నా దృష్టిలో ప్రమాదకరం.

కరెన్సీ దగ్గర మాత్రం అదే ఏకహస్త నియంత్రణ నాకు మేలు చేసింది. లిండెన్ డాలరు ఏళ్ల తరబడి డాలరుకు 250 అటూ ఇటూగా నిలిచింది. కొనేవాళ్లు ఎక్కువైతే కంపెనీ కొత్త లిండెన్ డాలర్లను లిండెక్స్‌లో అమ్ముతుంది. బొమ్మలు, శబ్దాలు అప్‌లోడ్ చేయడానికి ఇంత, వర్గీకృత ప్రకటనలకు ఇంత అని తీసుకునే రుసుములతో కొంత డబ్బు వ్యవస్థలోంచి మాయమవుతుంది. 2007లో జూదం నిషేధించారు, ఎక్కువ వడ్డీ ఇస్తామన్న అక్కడి బ్యాంకు గింకో ఫైనాన్షియల్ ఆ ఏడాదే కుప్పకూలి జనం డబ్బు మునిగింది, 2008 జనవరిలో లైసెన్సు లేని బ్యాంకులనే నిషేధించారు. ఇన్నిటి తర్వాతా మారకపు రేటు గట్టిగా నిలబడింది. నేను కొనేటప్పుడు మార్కెట్ రేటుకు కాకుండా నాకు కావాల్సిన రేటు చెప్పి లిమిట్ ఆర్డర్ పెట్టి ఆగుతాను, కాస్త ఎక్కువ వస్తాయి, టెన్షన్ ఏమీ ఉండదు.

ఈ పొగడ్తకూ కొంత హద్దు ఉంది. రేటు స్థిరంగా ఉందని అక్కడ పొదుపు పెట్టుకోలేం. నిబంధనల ప్రకారం లిండెన్ డాలరు ఒక పరిమిత వాడుక హక్కు మాత్రమే, దానికి కంపెనీ మనకు డబ్బు తిరిగివ్వాలన్న బాధ్యత లేదు. పైగా 2018, 2019లలో భూమి రుసుములు తగ్గించినప్పుడు లిండెన్ డాలర్లు, అమెరికన్ డాలర్ల మధ్య మార్పిడి రుసుములు పెంచారు. పూర్తి ప్రైవేటు రీజియన్ 295 నుంచి 249కి, తర్వాత 229కి వచ్చింది. నాలా స్థలం పట్టుకుని కూర్చునేవాళ్లకు ఇది లాభం. బట్టలు, సామాన్లు అమ్మి డబ్బు బయటికి తీసుకునేవాళ్లకు భారం. వాళ్ల సమీక్ష నా సమీక్షలా ఉండదు.

2019 ఏప్రిల్‌లో బెల్లిసేరియా ఖండం తెరిచినప్పుడు నేను కూడా వెళ్లి చూశాను. ప్రీమియం సభ్యత్వంలోనే 1024 చదరపు మీటర్ల ఇల్లు, వీధులు, కాలువలు, పడవలు. అందంగా ఉన్నాయి. మంచి ఇరుగుపొరుగు కావాలనుకునేవాళ్లకు స్థలం కొనాల్సిన అవసరమే లేకుండా పోయింది, మెయిన్‌ల్యాండ్ ధరకు అది మంచి వార్త కాదు. అయినా కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న రక్షిత రోడ్డు పక్కన, ముఖ్యంగా బ్లేక్ సీ లాంటి పడవల సముద్రం ఒడ్డున ఉన్న స్థలాలు మామూలు మైదానం కంటే చాలా ఎక్కువకు అమ్ముడవుతాయి. అక్కడ ముందున్న నీళ్లలో రేపు ఎవరూ గోడ కట్టలేరు. కంపెనీ రీజియన్లు ఎన్నైనా పుట్టించగలదు, ఏళ్లుగా జనం పడవలు నడిపే నీళ్లను అంత తొందరగా తయారు చేయలేదు.

నా ఇప్పటి స్థలం హెటెరోసెరా ఖండంలో రైలు పట్టాల పక్కన ఉంది. అందంలో పాత ద్వీపానికి సాటి రాదు. పక్కన ఎవరో వదిలేసిన స్థలం, అవతల వెలుతురు ఎక్కువైన ఒక దుకాణం. ఇక్కడ చెట్లు నాటడం మళ్లీ మొదలుపెట్టాను, రైలు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆగి వెళ్తుంటారు. విస్తీర్ణం పెంచాలనుకునేవాళ్లు టియర్ నియమం చదువుకోండి, గడిచిన ముప్పై రోజుల్లో ఎక్కువగా ఎంత పట్టుకున్నారో దాని మీద లెక్క కడతారు. నాలుగు రోజులు ఉంచి వదిలేసినా బిల్లు పెద్దదే వస్తుంది.

నాకు అమ్మకాల ఆదాయం లేదు, నెలకు కొంత ఖర్చు సరదా కోసం పెట్టగలను, కట్టినది చెదిరిపోకుండా ఉండాలన్నదే నా కోరిక. ఇలాంటివాళ్లకు మెయిన్‌ల్యాండ్‌లో చిన్న స్థలం, అదీ ప్రీమియంతో వచ్చే 1024లో సరిపోయేది, మంచి ఎంపిక అంటాను. పెద్ద భవనాలు కట్టేవాళ్లకో, పక్కవాళ్ల బోర్డులు అస్సలు భరించలేనివాళ్లకో ఎస్టేటే నప్పవచ్చు. అప్పుడు ముందస్తు అద్దె ఒక నెలకు మించి కట్టకండి, కోవెనెంట్ చదవండి, ఆ యజమాని మిగతా ద్వీపాల్లో స్థలాలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఒకసారి తిరిగి చూడండి.