పబ్బా, కాలేజీ మైదానమా, ఆడిటోరియమా: ఫోక్ రాక్ ఎక్కడ వింటే మేలు?

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు టీ తాగే దగ్గర అడిగాడు. "అన్నా, రఘు దీక్షిత్ ప్రాజెక్ట్ షో వచ్చే వారం పబ్‌లో ఉంది, ఆ తర్వాతి వారం మా తమ్ముడి కాలేజీ ఫెస్ట్‌లో కూడా ఉందట. దేనికి పోవాలి?" ఆ బ్యాండ్‌ని నేను మూడు చోట్ల చూశానని వాడికి తెలుసు. హైదరాబాద్‌లో ఒక పబ్, ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ మైదానం, బెంగళూరులో ఒక ఆడిటోరియం. పాటలు మూడుసార్లూ దాదాపు అవే. అయినా ఇంటికొచ్చాక మిగిలింది మాత్రం ప్రతిసారీ వేరు. అందుకే వాడికి టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు జవాబు చెప్పలేకపోయాను.

ఈ బ్యాండ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జానపదాన్ని గిటార్, డ్రమ్స్‌తో కలిపి పాడే ఫోక్ రాక్ వాళ్లది. రఘు దీక్షిత్ మైసూరులో పెరిగాడు. చదివింది మైక్రోబయాలజీ, అందులో గోల్డ్ మెడల్. నేర్చుకున్నది భరతనాట్యం. కాలేజీలో ఒకడు ఆ నాట్యాన్ని ఎగతాళి చేస్తే, పంతానికి పోయి గిటార్ పట్టానని ఆయనే ఇంటర్వ్యూల్లో చెబుతుంటాడు. మొదటి ఆల్బమ్ 2008లో వచ్చింది. 2010లో బీబీసీలో జూల్స్ హాలండ్ నడిపే సంగీత కార్యక్రమంలో వాయించారు, 2011లో ఇంగ్లండ్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవానికి వెళ్లారు. వేదిక మీద రంగురంగుల లుంగీలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో గిటార్.

ఆ పాటల్లో నన్ను పట్టుకున్నవి మాత్రం ఆయన రాసినవి కావు, శిశునాళ షరీఫ్‌వి. 1819లో పుట్టి, కర్ణాటకలో ఇప్పటి హావేరి జిల్లాలో బతికి, 1889లో పోయిన మనిషి. ముస్లిం ఇంట పుట్టి, గోవింద భట్టు అనే బ్రాహ్మణ గురువు దగ్గర శిష్యరికం చేశాడు. ఆయన పాటల్ని కన్నడంలో తత్వపదాలు అంటారు. మన దగ్గర వీరబ్రహ్మంగారి పేరు మీద రాత్రిళ్లు భజన గుడిలో పాడే తత్వాలు ఉన్నాయే, సరిగ్గా ఆ సరుకే. పైకి ఇల్లనీ, చెరువనీ, హుక్కా అనీ చెబుతుంటాడు. లోపల చెప్పేది వేరే.

కాబట్టి ఈ షోలో మనకు కావాల్సినవి రెండు. మాట వినపడాలి, కాలు ఆడాలి. రెండూ ఒకే చోట దొరికిన రోజు నాకైతే ఇంకా రాలేదు.

ముందు పబ్ సంగతి. ఇద్దరికి కవర్ ఛార్జ్ మూడు వేలు, అందులో కొంత తిండికీ తాగుడికీ సర్దుకోవచ్చన్నారు. టికెట్ మీద 8 గంటలని ఉంది. మొదటి తీగ మోగింది 9.40కి. అప్పటిదాకా పెద్ద తెర మీద క్రికెట్ మ్యాచ్. మ్యాచ్ చూసేవాళ్లకి బ్యాండ్ అడ్డం, బ్యాండ్ కోసం వచ్చినవాళ్లకి మ్యాచ్ అడ్డం. ఇద్దరికీ కలిపి ఒకటే ఏసీ, అదీ సరిగ్గా పనిచేయలేదు.

అయినా ఒక్క విషయంలో పబ్‌ని కొట్టేది లేదు. మేం నిలబడ్డ చోటుకీ స్టేజీకీ మధ్య ఆరడుగులు. గజ్జెలు కుట్టిన తోలు పట్టీ చెమటకి నల్లబడి ఉండడం కనిపించింది. పాట అయిపోవాల్సిన చోట ఆయన డ్రమ్మర్ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. "ఇంకో రౌండ్" అని దాని అర్థం. డ్రమ్మర్ నవ్వాడు, పాట మళ్లీ అందుకుంది. ఆ ఒక్క కనుబొమ్మ కోసం మూడు వేలు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చనే అంటాను. యూట్యూబ్‌లో ఎంత వెతికినా అది దొరకదు.

చిక్కంతా సౌండ్‌తోనే. పైకప్పు తక్కువ ఎత్తు, గది చిన్నది. డ్రమ్స్‌కి మైక్ పెట్టకపోయినా గది నిండిపోతుంది. గొంతు దాని మీదుగా వినపడాలంటే స్పీకర్ పెంచాలి. పెంచితే ఆ శబ్దమే తిరిగొచ్చి మైక్‌లో దూరి కుయ్‌మని కూస్తుంది. అందుకని గొంతుని తగ్గించి, డ్రమ్స్ కిందే వదిలేస్తారు. తాళం తెలుస్తుంది, మాట తెలియదు.

షరీఫ్ పాటల్లో ఒకటి హుక్కా మీద ఉంది. గుడుగుడి పీల్చి చూడు, ఒంట్లో ఉన్న రోగాన్ని వదిలించుకో అని మొదలవుతుంది. ఆయన చెప్పే హుక్కా పొగాకుది కాదు, సాధనది. ఆ పాట మొదలవగానే మా పక్క టేబుల్ మీద ఒకతను లేచి, "భాయ్, హుక్కా సాంగ్!" అని లైటర్ వెలిగించి గాల్లో ఊపాడు. మిగతావాళ్లు గ్లాసులు ఎత్తారు. వాళ్లననడానికేం లేదు, అతనికి వినపడింది ఆ ఒక్క మాటే. ఇంకాసేపటికి గిటార్ ఒక్కటే మోగే నెమ్మది పాట వచ్చింది. అందరూ చప్పుడు ఆపిన ఆ క్షణంలో వెయిటర్ నా చెవి దగ్గరికి వంగి, "సార్, రిపీట్ చేయమంటారా?" అన్నాడు. పాటనేమో అనుకుని తలూపాను. బీరు వచ్చింది.

కాలేజీ మైదానానికి మా బావ లాక్కెళ్లాడు. వాళ్లబ్బాయి అక్కడే చదువుతున్నాడు, పాసులు వాడే తెచ్చాడు. రూపాయి ఖర్చు లేదు. కానీ ఊరికే వచ్చే షోకి కూడా ఒక ధర ఉంటుంది, దాన్ని ఓపికతో కట్టాలి. స్టేజీ ముందు మూడు వరసల సోఫాలు, వాటి మీద తెల్ల టర్కీ టవళ్లు. అవి ముఖ్య అతిథులకి. వాళ్ల వెనక తాడు, తాడు వెనక మేం. ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువాలు, జ్ఞాపికలు, తర్వాత ఫ్యాషన్ షో. ఒక్కో డిపార్ట్‌మెంట్ నుంచీ ఒక్కో డాన్స్. బ్యాండ్ ఎక్కేసరికి 8.50.

దీంట్లో ఒక మెలిక ఉంది. శబ్ద కాలుష్యం నియమాలు 2000 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగలకో సాంస్కృతిక ఉత్సవాలకో ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కాలేజీ ఫెస్ట్‌కి ఆ సడలింపు రావడం కష్టం. నాలుగు గోడల మధ్య ఉండే ఆడిటోరియానికి ఈ బాధ లేదు. అంటే మైదానంలో శాలువాలకి పోయిన ప్రతి నిమిషం బ్యాండ్ ఖాతాలోంచి పోతుంది. ఆ రోజు మాకు దక్కింది గంటా పది నిమిషాలు.

సౌండ్ ఎలా ఉందంటే, మేం మొదట నిలబడ్డది బాగా వెనక, స్టేజీకి వంద మీటర్లు ఉంటుంది. డ్రమ్మర్ కర్ర దించడం ముందు కనిపించేది, దెబ్బ తర్వాత వినపడేది. శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున వస్తుంది కాబట్టి వంద మీటర్లకి సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. చూసి చప్పట్లు కొడితే ఒక తాళం, విని కొడితే ఇంకో తాళం. మా బావ రెండూ వదిలేసి ఫోన్ చూసుకుంటున్నాడు. "బావా, ఇట్లా కాదు, పదండి" అని ఆయన్ని మైదానం మధ్యకి తీసుకెళ్లాను. అక్కడ పందిరి వేసి సౌండ్ మిక్సర్ బల్ల పెడతారు. ఇంజనీర్ అక్కడ నిలబడి విని, తన చెవికి బాగున్నట్టు కలుపుతాడు. కాబట్టి మైదానం మొత్తంలో సౌండ్ కుదిరే చోటు అదే. ఏ షోకి వెళ్లినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అక్కడికి చేరాక సగం మాటలు తెలిశాయి, వయొలిన్ మొత్తం తెలిసింది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. మూడో పాటకి రఘు దీక్షిత్ అందర్నీ లేచి దూకమన్నాడు. సోఫాల్లో ఉన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. వెనక తాడు తెగింది. పిల్లలు సోఫాల చేతుల మీదుగా ముందుకి ఉరికారు. టవల్ ఒకటి గాల్లోకి లేచింది. నా ముందున్న పిల్లవాడొకడు, వాడికి కన్నడం ఒక్క ముక్క రాదు, తీన్‌మార్ అందుకున్నాడు. మోకాళ్లు కాస్త వంచి, భుజాలు ఆడిస్తూ, బోనాల ఊరేగింపులో వేసినట్టే. పాట నడక దానికి సరిగ్గా సరిపోయింది. నిమిషంలో వాడి వరసంతా అదే స్టెప్పు. మెడలో ఐడీ కార్డుతో ఒక నడివయసు మేష్టారు చుట్టూ చూసి, కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, రెండడుగులు వేశాడు. మళ్లీ కార్డు మెడలో వేసుకున్నాడు.

పది కొట్టగానే కరెంట్ తీసేసినట్టు ఆగిపోయింది. మర్నాడు ఉదయం ముక్కులోంచి ఎర్రమట్టి వచ్చింది.

ఆడిటోరియం కథ వేరు. అప్పుడు నేను హిందూపురంలో ఇంట్లో ఉన్నాను. బెంగళూరు వంద కిలోమీటర్లే కదా అని నాన్నని కూడా బయల్దేరదీశాను. "ఆ కేకలు నాకెందుకురా" అన్నాడు గానీ, షరీఫ్ పాటలని చెబితే చొక్కా వేసుకున్నాడు. మా వైపు సగం మందికి కన్నడం వచ్చు, ఆయనకి ఇంకా బాగా వచ్చు. టికెట్ ఒక్కోటి 600. ఏడింటికి అంటే 7.10కి మొదలుపెట్టారు. కుర్చీలకి నంబర్లు, తోపులాట లేదు, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి. అరవై దాటిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఇవే పెద్ద విషయాలు.

గొంతు ముందుకొచ్చింది, డ్రమ్స్ వెనక్కి తగ్గాయి. ఇంటి మాళిగ కారుతోంది, అజ్ఞానం వల్ల, అని షరీఫ్ పాట ఒకటుంది. చీకట్లో పైకెక్కి దాన్ని మెత్తలేకపోతున్నానంటాడు. ఈ పాట పబ్‌లోనూ విన్నాను, మైదానంలోనూ విన్నాను. మొదటిసారి మాటలు అర్థమైంది ఇక్కడే. పాట సగంలో నాన్న నా మోచేయి తట్టాడు. "మాళిగంటే మన మిద్దేరా." అంతే. ఆ తర్వాత ఆయన కదల్లేదు. చివర్లో బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు మా పాత ఇంటి మట్టిమిద్దె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వానాకాలం ముందు బండ్ల మీద చౌడు తోలించేవాళ్లట, ఒక ఏడాది డబ్బులేక మానేస్తే రాత్రంతా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నారట. నేనెప్పుడూ వినలేదు ఆ కథ. "ఇవి మన భజన గుడి పాటలే. చేతిలో హార్మోనియం తీసేసి గిటార్ పెట్టారంతే" అన్నాడు.

మరి ఆడిటోరియమే మేలా? మాటకైతే మేలే. కాలికి మాత్రం కుదరదు. చివరి రెండు పాటలకి అందర్నీ లేవమన్నారు. లేచాం. ముందు కుర్చీకీ నా మోకాలికీ మధ్య జానెడు చోటు. అందరూ చంకలో బ్యాగులు పెట్టుకుని, నిలబడ్డ చోటే ఊగుతూ, పెళ్లిలో అక్షింతల కోసం నిలబడ్డట్టున్నారు. వెనకనుంచి ఒక పెద్దావిడ, "సార్, కూత్కొళ్ళి" అంది. కూర్చున్నాను. కూర్చుని వింటే అది కచేరీ అవుతుంది గానీ, గజ్జె కట్టుకుని వచ్చిన మనిషి ముందు కూర్చోవడం నాకెందుకో ఇబ్బందిగానే అనిపించింది.

ఇంకో మాట. ఏ చోటు మేలనేది బ్యాండ్‌ని బట్టి కూడా మారుతుంది. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్‌ని ఆడిటోరియంలోనే వినాలి. మాట లేకుండా తీగల మీద చాలాసేపు నడిచే భాగాలు వాళ్ల దగ్గర ఎక్కువ. పాటకీ పాటకీ మధ్య, బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ చెప్పే కబుర్లు, నర్మద లోయ ఉద్యమంలో తిరిగిన రోజుల్లో నేర్చుకున్న పాటల సంగతులు, పబ్ గోలలో వినపడవు. బెంగళూరు స్వరాత్మ సరిగ్గా తిరగేసి. రఘు తమ్ముడు వాసు దీక్షిత్ నడిపే బ్యాండ్ అది. ఆయన నడుముకి కీలుగుర్రం కట్టుకుని వేదిక మీదికి వచ్చేవాడు. ఆ గుర్రం తిరగడానికి చోటు ఉండాలి, చూసేవాళ్లకి దుమ్ము ఉండాలి. పబ్ స్టేజీ మీద అది రెండడుగులు వేసేలోపే కీబోర్డుకి తగులుతుంది.

మర్నాడు మళ్లీ టీ దగ్గర కుర్రాడు కనిపిస్తే ఇదంతా చెప్పలేదు. కాలేజీకి పొమ్మన్నాను. బూట్లు వేసుకుని పో, ఏడున్నర దాకా తిండి తిని నింపాదిగా బయల్దేరు, వెళ్లగానే సౌండ్ బల్ల పక్కన చోటు చూసుకో, మూడు పాటలయ్యాక ముందుకి ఉరుకు. బయల్దేరే ముందు నెట్‌లో షరీఫ్ పాటల అర్థాలు ఒకసారి చదువుకో, మైదానంలో పోయే సగం మాటలు అప్పుడు నీ దగ్గరే ఉంటాయి. పబ్‌కి రెండోసారి పోవచ్చు, పాటలు నోటికి వచ్చాక. అప్పుడు మాట వినపడకపోయినా నష్టం లేదు, కనుబొమ్మలు చూడొచ్చు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేదుంటే మాత్రం వేరే ఆలోచనే వద్దు, ఆడిటోరియం.

"మరి మీరు ఈసారి దేనికి అన్నా?" అన్నాడు. నా మోకాలు ఈమధ్య మైదానాలకి ఒప్పుకోవట్లేదు, ఆ ముక్క వాడికి చెప్పలేదు.

ఫెస్ట్ రోజు రాత్రి 9.20కి వాడి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పాట ఏదో పోల్చుకోలేకపోయాను. ఈలలు, బరబరమని బేస్, ఎవరో దగ్గర్నుంచి "ఒరేయ్, ఫోన్ లోపల పెట్టి దూకరా!" అన్న కేక. పదకొండో సెకనులో మెసేజ్ ఆగిపోయింది.