మల్చింగ్ పేపరా, చెరకు చెత్తా: మన నేలకు ఏది మేలు?

పలమనేరు, వి.కోట వైపు మల్చింగ్ పేపర్ (సాళ్ల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ షీటు) లేని టమోటా సేద్యం చాలామంది రైతుల ఊహకే రాదు. అందులో తప్పేమీ లేదు. డ్రిప్పు పైపు పరిచి పైన పేపర్ కప్పితే తేమ ఆవిరైపోదు. బోరు అరకొరగా పోసే చోట అదే పెద్ద ఆదా. నలుపు వైపు కిందికి ఉంటే వెలుతురు అందక కలుపు లేవదు, వెండి వైపు పైకి ఉంటే తామర పురుగు, తెల్లదోమ తగ్గుతాయి.

చిక్కంతా పంట అయిపోయాకే. చవకని 15, 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందంది వేస్తే ఎండకు పెళుసెక్కి, లాగితే పీలికలే చేతికొస్తాయి. మట్టి కప్పిన అంచులు అక్కడే తెగి ఉండిపోతాయి. రోటవేటర్ తోలితే ఆ ముక్కలు బ్లేళ్లకు చుట్టుకుంటాయి, మిగిలినవి ఇంకా చిన్నవై మట్టిలో చేరతాయి. గట్టున వేసి కాలిస్తే ఆ పొగ పీల్చేది మన పిల్లలే. పాలిథిన్ తప్పదనుకుంటే 25-30 మైక్రాన్లది తీసుకోండి, చింపకుండా చుట్టి తీయొచ్చు.

'భూమిలో కలిసిపోయే పేపర్' అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. పాలిథిన్‌లోనే రసాయనం కలిపి త్వరగా పొడయ్యేలా చేసే ఆక్సో రకం ఒకటి. అది కలిసిపోదు, కంటికి కనపడకుండా పోతుందంతే. యూరోపియన్ యూనియన్ 2019 చట్టంతో దాన్ని నిషేధించింది. రెండోది పీబీఏటీ అనే ఒక రకం ప్లాస్టిక్, పిండిపదార్థం వంటివాటితో చేసేది, దీన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17033 ప్రకారం, మట్టి పరీక్షలో రెండేళ్లలోపు 90 శాతం విచ్ఛిన్నం కావాలి. ధర ఎక్కువే. కానీ పాత పేపర్ ఏరే కూలి కూడా లెక్కలో వేసుకుని పోల్చండి.

చెరకు, మామిడికైతే నాకు సందేహమే లేదు, చెత్తే, అంటే ఎండాకు, పొట్టు వంటివే మేలు. చెరకు కొట్టాక ఆకు తగలబెడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నాటిన మూడో రోజుకల్లా ఎకరాకు టన్నుంబావు చెత్త పరిస్తే తేమ నిలుస్తుంది, లేత పిలకల మొవ్వు తొలిచే పీక పురుగు తగ్గుతుంది, చివరికది ఎరువవుతుంది. మామిడి పాదుల్లో చెనక్కాయ పొట్టు, రాలిన ఆకులు వేయొచ్చు. మొదలుకు ఆనించకుండా జానెడు వదలాలి, లేదంటే తేమకు బెరడు కుళ్లుతుంది. చెదలు కూడా చూసుకోవాలి. వరిగడ్డి మాత్రం ఆవులకే ఉంచండి. పాల మీద బతికే ఇంట్లో గడ్డిని నేలకు పరచమనడం న్యాయం కాదు.

టమోటాకు మాత్రం చెత్త చాలినంత దొరకదు, పురుగు విషయంలో వెండి పేపర్ పని అది చేయదు. అందుకే ఈసారికి మందపాటి పేపరే వేసి, ఒక నాలుగు సాళ్లకు మట్టిలో కలిసే రకం వేసి చూడండి. కొనేటప్పుడు ఏ ప్రమాణం పాసైందో కాగితం అడగండి. చూపించకపోతే కొనకండి.