సీఎస్‌ఆర్ కన్సల్టెన్సీతో ఏళ్ల తరబడి పనిచేశాక: మేడం, పార్ట్‌నర్ సార్, ఫీల్డు పిల్లలు

కదిరి చుట్టుపక్కల మండలాల్లో చెరువుల పనులు, మహిళా సంఘాల పనులు చేసే చిన్న స్వచ్ఛంద సంస్థకు నేను కార్యదర్శిని. 2017 నుంచి హైదరాబాద్‌లోని ఒక కన్సల్టింగ్ సంస్థ ద్వారా మాకు కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే డబ్బు, వస్తున్నాయి. ఆ సంస్థ పేరు రాయను. ఇప్పటికీ వాళ్లతో పనిచేస్తున్నాం, పైగా ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. ఇలాంటి వాళ్లతో చేతులు కలపొచ్చా అని ఫోన్ చేసి అడిగే చిన్న సంస్థలవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆఫీసు చూసో, వాళ్లు చూపించే కంపెనీల లోగోలు చూసో సంతకం పెట్టకండి. మీ ఊళ్లకు ఎవర్ని పంపుతారో అడగండి, ఆ మనిషితో ఒక పూట గడపండి. మాకు మేలు జరిగిందీ, చిరాకు పుట్టిందీ ఎక్కువగా ఆ ఒక్క ఉద్యోగం దగ్గరే.

తెలియనివాళ్ల కోసం వీళ్ల పనేమిటో రెండు ముక్కలు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. డబ్బున్న కంపెనీకి ఊరు తెలియదు. ఊరికి ఆ కంపెనీలో ఎవరిని అడగాలో తెలియదు. మధ్యలో కూర్చుని ఇద్దరినీ కలపడం వీళ్ల వ్యాపారం. ఫీజు ఇచ్చేది కంపెనీ, మనం కాదు. ఈ సంగతి మాత్రం ఎప్పుడూ మర్చిపోవద్దు. వాళ్లు ఎంత ప్రేమగా మాట్లాడినా బిల్లు వెళ్లేది అవతలివైపుకే.

సంస్థను నడిపేది ఇద్దరు. మేడం గురించి ముందు చెప్పాలి. ఆమె పాత వెలుగు ప్రాజెక్టు మనిషి, మహిళా సంఘాల ద్వారా పేదరికం తగ్గించాలని ప్రభుత్వం పెట్టిన ప్రాజెక్టు అది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైనప్పుడు అనంతపురం అందులో ఉంది. సంఘాలంటే ఏమిటో, ఆ సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యలో ఎవరి మాట ఎందుకు చెల్లుతుందో ఆమెకు అప్పటినుంచే తెలుసు. గ్రామసభకు వస్తే కుర్చీ వెనక్కి జరిపేసి ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుంటుంది. ఇది చాలామంది చేస్తారు, ఫోటో కోసం కూడా చేస్తారు. ఆమె చేసే వేరే పని ఒకటుంది. పని గురించి చెప్పడం అయ్యాక "ఇది వద్దనుకునేవాళ్లు ముందు మాట్లాడండి" అంటుంది. అని ఊరుకుంటుంది. కంపెనీవాళ్లు పక్కనే ఉన్నా సరే, ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా ఆగుతుంది. ఊళ్లో అసలు సంగతులు బయటికి వచ్చేది అక్కడే.

ఒక ఊళ్లో అలాగే జరిగింది. కంపెనీ ఆర్‌ఓ ప్లాంట్ పెడతామంది. మా ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మాట నిజమే, కాబట్టి అది చెడ్డ ఆలోచనేం కాదు. కానీ ఆ ఊళ్లో అంతకుముందు వేరే నిధులతో పెట్టిన ప్లాంటే తాళం పడి ఉంది. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చడానికి డబ్బు లేదు, ఆపరేటర్‌కు జీతం ఇచ్చేవాళ్లు లేరు. కొత్తది పెట్టినా రెండేళ్లకు అదే గతి. మేడం అడిగి ఊరుకున్నాక ఒక పెద్దాయన లేచి, "తాగడానికి నీళ్లిస్తారు, సంతోషం. చెరువుకు నీళ్లొచ్చే కాలవ పూడిపోయి ఏండ్లయింది. అది ఎవరూ అడగరేం మేడం?" అన్నాడు. కంపెనీ తరఫున వచ్చినాయన ముఖం చూడాలి అప్పుడు. ప్లాంట్ అయితే రిబ్బన్ కట్ చేయొచ్చు, బోర్డు పెట్టొచ్చు. పూడిక తీసిన కాలవ దగ్గర నిలబడి ఏం ఫోటో తీసుకుంటారు?

ఇక్కడ ఆ సంస్థ మా ఊళ్లకు పంపిన ఫీల్డ్ కోఆర్డినేటర్ గురించి చెప్పాలి. ముదిగుబ్బ వైపు కుర్రాడు, అందరికీ అన్న. సర్వే ఫారం పక్కన పెట్టి, చెరువు నీళ్లు పారించే నీరుగంటిని వెంటబెట్టుకుని కాలవ పొడవునా నడిచాడు. ఎక్కడ సర్కారు తుమ్మ కమ్మేసిందో, ఎక్కడ పొలం గట్టు ముందుకు జరిగి కాలవను మింగేసిందో రాసుకున్నాడు. గట్టు జరిపిన రైతు ఇంటికి పంచాయితీ పెట్టడానికి పోలేదు. పొద్దున్నే పోయి టీ తాగి వచ్చేవాడు. అలా ఎన్నిసార్లు పోయాడో నాకు తెలియదు గానీ, చివరికి ఆ రైతే జేసీబీ వచ్చిన రోజు గుర్తులు చూపించాడు. మండల ఇంజనీరు దగ్గర అనుమతి కాగితాలు, పంచాయతీ తీర్మానం అన్నీ అతనే తిరిగి తెచ్చాడు. సమాజ భాగస్వామ్యం అని రిపోర్టుల్లో రాసే మాటకు నేను చూసిన అర్థం ఇదే.

మేడం కంపెనీని ఒప్పించింది. రెండు ఊళ్లకు ప్లాంట్లు, ఈ ఊరికి కాలవ. 2021 నవంబర్ వానలకు ఆ చెరువు నిండి మరవ పారింది. వెంటనే హైదరాబాద్ ఆఫీసు నుంచి రిపోర్టు వచ్చింది, కాలవ పని ఫలితం అని పెద్ద ఫోటోతో. ఆ నవంబర్‌లో రాయలసీమలో నిండని చెరువే లేదు, చిత్రావతి వరద కూడా మాకు ఇంకా కళ్లముందే ఉంది. ఈ మాట రాసి పంపితే జవాబు రాలేదు. నిజానికి కాలవ పనికొచ్చిందని మాకు తెలిసింది 2023లో. కరువు మండలాలు ప్రకటించిన ఆ ఏడాది కూడా చెరువు అడుగున కాసిన్ని నీళ్లు నిలిచాయి, కింది బావుల్లో ఊట కనిపించింది. దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు, ప్రాజెక్టు కాలం అప్పటికే అయిపోయింది కాబట్టి.

పార్ట్‌నర్ సార్ ముంబైలో పెద్ద కన్సల్టెన్సీలో పనిచేసి వచ్చినాయన. ఊళ్లకు అరుదుగా వస్తాడు, వచ్చినా షూ విప్పడు. మొదట్లో నాకు ఆయనంటే చిరాకు. అయితే మాకు వాయిదాల డబ్బు చెప్పిన తేదీకి రావడానికి కారణం ఆయనే. ఇంతకుముందు మేము నేరుగా పనిచేసిన కంపెనీల దగ్గర రెండో వాయిదా కోసం చెప్పులరిగేలా తిరిగేవాళ్లం. ఈయన ఒప్పందంలోనే ఏ కాగితం ఇస్తే ఎన్ని రోజుల్లో డబ్బు రావాలో రాయించాడు. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే మాలాంటి సంస్థలు సీఎస్‌ఆర్-1 ఫారంతో రిజిస్టర్ కావాలన్నారు. దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలన్నారు. ఆ రెండూ మళ్లీ కొత్తగా రెన్యూవల్ చేయించుకోవాల్సిన సమయం కూడా అదే. పైన కరోనా. ఆయన టీమ్‌లోని అకౌంట్స్ అమ్మాయి ఫోన్లోనే మా క్లర్కుకు ఒక్కో గడి చెప్పి నింపించింది. ఒక్క రూపాయి అడగలేదు. మా చుట్టుపక్కల కొన్ని సంస్థలు ఏజెంట్లకు డబ్బు పోసి కూడా ఏడాది పోగొట్టుకున్నాయి.

ఆస్తి ఎవరిది అనే విషయంలో కూడా వీళ్లు గట్టిగా ఉంటారు, అది మెచ్చుకోవాలి. 2021 సవరణ ప్రకారం సీఎస్‌ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. రిజిస్టర్ అయిన సంస్థ పేరునో, లబ్ధిదారుల సంఘం పేరునో, ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. ఆ రెండు ఊళ్లలో ప్లాంట్లను గ్రామ సమాఖ్య పేరు మీద పెట్టించారు. క్యాన్‌కు ఎంత తీసుకోవాలో సమాఖ్యే నిర్ణయించింది, మెంబ్రేన్ కోసం ప్రతి నెలా కొంత వేరే ఖాతాలో వేయాలని పుస్తకంలో రాసుకుంది. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒక ఊళ్లో ఆపరేటర్ అమ్మాయి జీతం విషయంలో సర్పంచ్ వర్గానికీ సమాఖ్యకూ గొడవ ఉంది, అది వేరే కథ.

ఇక తిట్లు.

ఫీల్డు అన్నకు వాళ్లిచ్చిన జీతం చూస్తే ఎవరైనా సిగ్గుపడతారు. పెట్రోలు కూడా ఒక పరిమితి దాటితే సొంత జేబులోంచే. బెంగళూరులో వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు, నేనైతే సంతోషించాను. అతని చోట వచ్చినవాళ్లు మంచి పిల్లలే, మంచి కాలేజీల్లో చదివినవాళ్లు. కానీ ఒకరు కుదురుకునేలోపు ఇంకొకరు. వచ్చిన ప్రతివాళ్లూ ట్యాబ్ తీసి బేస్‌లైన్ అంటూ, అంటే పని మొదలుకాకముందు పరిస్థితి రాసుకునే సర్వే, ఇంటింటికీ మొదలుపెడతారు. సంఘంలో ఒకామె విసుగెత్తి "మా ఇంట్లో ఎన్ని గేదెలున్నాయో మీ ఫోన్లో లేదా నాయనా? పోయినసారి వచ్చిన పాపకు చెప్పినాం కదా" అంది. ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పాత వివరాలు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఎవరు పోయినా వాళ్లతోపాటే ఊరి పరిచయం మొత్తం పోతుంది. ఈ తప్పు పిల్లలది కాదు, పైన కూర్చున్న ఇద్దరిదీ. ముఖ్యంగా మేడంది. వేరే రాష్ట్రాలకు పని విస్తరించాక ఆమె మాకు దొరకడమే తగ్గింది. అయినా ప్రతి చిన్న నిర్ణయం ఆమె చెబితేనే కదులుతుంది. ఒక చిన్న మరమ్మతు ఖర్చుకు ఆమె ఓకే కోసం వారాలు ఎదురుచూసిన సందర్భాలున్నాయి.

రెండోది 5 శాతం గొడవ. మా సిబ్బంది జీతాలకు బడ్జెట్‌లో లైన్ పెట్టమంటే, చట్టం ప్రకారం పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదని వాళ్ల ఫైనాన్స్ మనిషి చాలాకాలం చెబుతూ వచ్చాడు. ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకు. పని చేసే సంస్థ ఆ ప్రాజెక్టు కోసం పెట్టే జీతాలకు కాదు. 2021 ఆగస్టులో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ప్రశ్నలు-జవాబులుగా ఇచ్చిన సర్క్యులర్‌లో ఇది స్పష్టంగానే ఉంది. ప్రింట్ తీసి పార్ట్‌నర్ సార్ ముందు పెట్టాం. చదివి, "చూద్దాం" అన్నాడు. ఆ తర్వాతి ప్రాజెక్టులో సగం జీతం వచ్చింది. మీలో ఎవరికైనా ఇదే మాట చెబితే నమ్మకండి, ఆ సర్క్యులర్ అడగండి.

మూడోది ప్రభావ మదింపు, అంటే చేసిన పని వల్ల ఊళ్లో ఏం మారిందో చూడటం. సీఎస్‌ఆర్ బాధ్యత సగటున 10 కోట్లు, అంతకుమించి ఉన్న కంపెనీలు, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులకు, అవి పూర్తయి ఏడాది గడిచాక, స్వతంత్ర ఏజెన్సీతో మదింపు చేయించాలి. స్వతంత్ర అన్నమాటను వీళ్లు కొంచెం వదులుగా తీసుకుంటారు. మదింపువాళ్లు వచ్చేముందు ఏ ఊళ్లు చూపించాలో లిస్టు మాకు హైదరాబాద్ నుంచే వచ్చింది. ఆగిపోయిన పని ఉన్న ఊరు అందులో లేదు. మేమే జీపు ఆ ఊరికి తిప్పాం. మదింపుకొచ్చిన ఆమె సంతోషించింది, కన్సల్టెన్సీవాళ్లు కొన్నాళ్లు మాట్లాడలేదు. మార్చి నెల హడావుడి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఖర్చు చూపించాలని ఎండలు ముదిరాక మొక్కలు నాటించినవాళ్లు వీళ్లే.

ఇన్ని ఉన్నా ఎందుకు వదల్లేదంటే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ నిధులు తీసుకునే అనుమతి, లేని మాలాంటి చిన్న సంస్థకు వేరే దారులు తక్కువ. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులున్న పెద్ద సంస్థలు కూడా ఆ డబ్బును మాకు పంచే వీలు లేదు. నేరుగా కంపెనీ తలుపు తడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతాం. అదీగాక, కంపెనీ మనిషి ముందు ఊరికి వద్దనే హక్కు ఇచ్చే డైరెక్టర్ నాకు ఇంకెక్కడా కనిపించలేదు. వేరే రెండు కన్సల్టెన్సీలను చూశాను. వాళ్లు తీర్మానం ముందే టైపు చేసి తెచ్చి వేలిముద్రలు అడిగారు.

ఈసారి ఒప్పందం రెన్యూవల్‌కు వచ్చినప్పుడు మూడు షరతులు రాసి పంపాం. కోఆర్డినేటర్ పేరు ఒప్పందంలో ఉండాలి, మారితే కొత్తవాళ్లు పాతవాళ్లతో కలిసి రెండు నెలలు ఊళ్లు తిరగాలి. సర్వేలో తీసుకున్న వివరాలు తెలుగులో అచ్చు వేసి గ్రామ సమాఖ్యకు ఇవ్వాలి. ఫీల్డు సిబ్బంది జీతం, పెట్రోలు పూర్తిగా బడ్జెట్‌లో చూపించాలి. మొదటి రెండింటికీ మేడం అదే రోజు ఫోన్ చేసి ఒప్పుకుంది. మూడోదాని మీద పార్ట్‌నర్ సార్ ఇంకా లెక్కలు వేస్తున్నాడు. అది తేలేదాకా కొత్త మండలంలో అడుగుపెట్టేది లేదని చెప్పేశాం.